అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి: వెస్ట్‌బ్రూక్ ట్రేడ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

కోట్లు పోసి తెచ్చుకున్న స్టార్ జట్టులో కుదరకపోతే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏం చేస్తారు? ఎవరు అడిగినా నేను లాస్ ఏంజెలెస్ లేకర్స్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్ కథే ఎత్తుకుంటాను. 2021 ఆగస్టులో తెచ్చుకున్నారు, 2023 ఫిబ్రవరిలో పంపించేశారు. ఆ ఏడాదిన్నరలో బాస్కెట్‌బాల్ ఎంత ఉందో చిట్టా లెక్కలూ అంతే ఉన్నాయి. క్రికెట్ తప్ప ఇంకోటి చూడని మా బావమరిది మొదలుకొని ఈ మధ్యే ఎన్‌బీఏ చూడటం మొదలుపెట్టిన కుర్రాళ్ళ దాకా నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి.

అసలు ఎవరీ వెస్ట్‌బ్రూక్? అంత జీతం ఎందుకిచ్చారు?

కాలిఫోర్నియా కుర్రాడు. కొత్త కుర్రాళ్ళని జట్లు వరసగా ఎంచుకునే 2008 డ్రాఫ్ట్‌లో నాలుగో పిక్, అంటే నాలుగోవాడిగా ఎంపికయ్యాడు. ఓక్లహోమా సిటీ థండర్ జట్టులో పదకొండు సీజన్లు ఆడాడు. 2016-17లో సగటున మ్యాచ్‌కి 31.6 పాయింట్లు, 10.7 రీబౌండ్లు (గురి తప్పిన షాట్ బంతిని పట్టుకోవడం), 10.4 అసిస్టులు (బుట్టలో వేసేవాడికి బంతి అందించడం) చేసి ఎంవీపీ, అంటే ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు అయ్యాడు. ఒకే మ్యాచ్‌లో మూడు విభాగాల్లో రెండంకెలు అందుకుంటే ట్రిపుల్ డబుల్ అంటారు. ఆ సీజన్‌లో అవి 42 చేసి, 1961-62 నుంచి ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరు మీదున్న 41 రికార్డును దాటేశాడు.

ఆ ఊపులోనే 2017 సెప్టెంబరులో 5 ఏళ్ళకి 20.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు పొడిగింపు మీద సంతకం పెట్టాడు. ఏటా పెరిగే జీతం. చివరి ఏడాది, అంటే 2022-23కి, అది 4.71 కోట్ల డాలర్లు. అప్పటి మారకంలో మన 380 కోట్ల రూపాయల పైమాటే. గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, ఆ కాగితం రాసింది థండర్. తర్వాత ఆ కాగితమే జట్టు నుంచి జట్టుకి తిరిగింది: 2019లో హ్యూస్టన్‌కి, 2020 డిసెంబరులో వాషింగ్టన్‌కి, 2021లో లేకర్స్‌కి. మూడేళ్ళలో మూడు ట్రేడ్‌లు, అంటే జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడులు.

అంత గొప్పోడైతే లేకర్స్‌లో ఎందుకు కుదరలేదు?

ఈ ప్రశ్నకి కాస్త ఓపిగ్గా కూర్చోవాలి.

వెస్ట్‌బ్రూక్ ఆటంతా బంతి చేతిలో ఉన్నప్పుడే. రింగ్ మీదికి దూసుకెళ్తాడు, అడ్డొచ్చినవాడిని దాటి వేస్తాడు, లేదంటే ఖాళీగా ఉన్నవాడికి అందిస్తాడు. బయటి నుంచి మూడు పాయింట్ల షాట్ మాత్రం అతని బలం కాదు. లేకర్స్‌తో మొదటి సీజన్‌లో 29.8 శాతమే పడ్డాయి. ఇక లేకర్స్‌లో అప్పటికే లెబ్రాన్ జేమ్స్ ఉన్నాడు. అతని ఆట కూడా బంతి చేతిలో ఉన్నప్పుడే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మనం ఊరికే అనలేదు.

ఇప్పుడు కోర్టులో ఒక మూలకి వెళ్దాం. బంతి లెబ్రాన్ దగ్గర ఉంది, వెస్ట్‌బ్రూక్ మూలన, మూడు పాయింట్ల గీత బయట నిలబడ్డాడు. అతన్ని కాయాల్సిన ఆటగాడు కాయడం లేదు. నాలుగైదు అడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కాలు రింగ్ కింది పెయింట్‌లో పెట్టి, లెబ్రాన్ వైపే చూస్తున్నాడు. 'నువ్వు వేసుకో నాయనా, పడితే అప్పుడు చూద్దాం' అన్నట్టు. దాంతో రింగ్ కింద జట్టులో ఇంకో స్టార్ ఆంథనీ డేవిస్‌ని ఇద్దరు కాస్తున్నారు, లెబ్రాన్ దూసుకెళ్దామంటే దారిలో మూడోవాడు ఉన్నాడు. స్కోరు పట్టికలో ఇదంతా ఎక్కడా కనిపించదు. అందులో వెస్ట్‌బ్రూక్ పేరు ఎదురుగా సగటు 18.5 పాయింట్లు, 7.4 రీబౌండ్లు, 7.1 అసిస్టులు ఉంటాయి. బాగానే ఉన్నాయే అనిపిస్తుంది. జట్టు మాత్రం ఓడిపోతుంది.

దీనికి వ్యతిరేక ఉదాహరణ హ్యూస్టన్. 2020 ఫిబ్రవరిలో ఆ జట్టు తమ సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) క్లింట్ కపేలాని పంపించేసి, పొడుగు సెంటర్ లేకుండా అందరూ బయటి నుంచి షాట్లు వేసేవాళ్ళే ఉండేలా సర్దుకుంది. పెయింట్ ఖాళీ అయింది. వెస్ట్‌బ్రూక్ ఆ సీజన్‌ని సగటున 27.2 పాయింట్లతో ముగించాడు. అదే మనిషి, అవే చేతులు. చుట్టూ ఉన్నవాళ్ళు మారారు, అంతే.

అయితే తప్పంతా అతనిదేనంటారా?

అనను. 2021-22లో లేకర్స్ 33 గెలిచి 49 ఓడింది, ప్లేఆఫ్స్‌కి చేరలేదు, కోచ్ ఫ్రాంక్ వోగెల్ ఉద్యోగం పోయింది. కానీ లెబ్రాన్, డేవిస్, వెస్ట్‌బ్రూక్ ముగ్గురూ కలిసి ఆ ఏడాది ఆడినవి 21 మ్యాచ్‌లే. మిగతా ఇద్దరూ గాయాలతో వస్తూ పోతూ ఉంటే 82లో 78 మ్యాచ్‌లు ఆడింది వెస్ట్‌బ్రూకే. ఆడాడు కాబట్టే కళ్ళకి ఆనాడు. ఇంటిపేరుని వెక్కిరింపుగా మార్చి స్టేడియంలో అరిచేవాళ్ళు. ఇంట్లోవాళ్ళ దాకా ఆ మాటలు వెళ్ళాయని 2022 మార్చిలో అతనే విలేకరుల ముందు బాధపడ్డాడు.

జీతాల మీద పరిమితి ఉంటుంది కదా? ముగ్గురు స్టార్లని ఎలా పెట్టుకున్నారు?

ఆ పరిమితినే క్యాప్ అంటారు. 2021-22కి ఎన్‌బీఏ క్యాప్ 11.24 కోట్ల డాలర్లు. లెబ్రాన్‌కి 4.12, వెస్ట్‌బ్రూక్‌కి 4.42, డేవిస్‌కి 3.54. కూడితే 12.08 కోట్లు. అంటే ముగ్గురి జీతమే మొత్తం జట్టు క్యాప్‌ని దాటిపోయింది.

ఎన్‌బీఏలో క్యాప్ గట్టి గోడ కాదు. ఐపీఎల్ వేలం పర్సులా అయిపోయిందంటే అయిపోయినట్టు కాదు. మినహాయింపులు బోలెడు, దాటినకొద్దీ లగ్జరీ ట్యాక్స్ అనే జరిమానా లాంటిది కడతారు. కనీస జీతానికి ఎంతమందినైనా తెచ్చుకోవచ్చు. లేకర్స్ అదే చేసింది. కార్మెలో ఆంథనీ, డ్వైట్ హోవర్డ్, ట్రెవర్ అరీజా, రాజాన్ రాండో, డిఆండ్రే జోర్డన్... పదేళ్ళ కిందట అయితే కప్పు ఖాయం అనిపించే జాబితా. ఆ వేసవిలోనే డిఫెన్స్‌లో ప్రాణం పెట్టే అలెక్స్ కరూసోని చికాగోకి వదిలేసుకున్నారు. నా దృష్టిలో వెస్ట్‌బ్రూక్‌ని తేవడం కంటే ఇది పెద్ద తప్పు. ఇక్కడ మా స్నేహితులెవరూ ఒప్పుకోరు, ఫర్వాలేదు.

కుదరడం లేదని తెలిశాక డబ్బుకి అమ్మేయొచ్చుగా? హార్దిక్ పాండ్యాని అలాగే ఇచ్చారు కదా?

మా బావమరిది ప్రశ్న ఇదే. 2023 నవంబరులో గుజరాత్ టైటాన్స్ నుంచి ముంబై ఇండియన్స్ హార్దిక్‌ని ఆటగాడికి ఆటగాడు ఇవ్వకుండా డబ్బుతోనే తీసుకుంది. ఎన్‌బీఏలో క్యాప్ దాటిన జట్లకి అది కుదరదు. ఎంత జీతం బయటికి పంపిస్తే దాదాపు అంత జీతమే లోపలికి రావాలి. ఆ రోజుల్లో ట్యాక్స్ కట్టే జట్టుకి ఉన్న సూత్రం: పంపిన జీతంలో 125 శాతం, పైన ఇంకో లక్ష డాలర్లు. అంతవరకే తెచ్చుకోవచ్చు.

ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో చూడాలంటే లేకర్స్ వెస్ట్‌బ్రూక్‌ని తెచ్చిన రోజే తీసుకోండి. వాషింగ్టన్‌కి ముగ్గురిని పంపారు: కైల్ కుజ్మా 1.3 కోట్లు, కెంటేవియస్ కాల్డ్‌వెల్-పోప్ 1.3 కోట్లు, మాంట్రెజ్ హారెల్ 97 లక్షలు. కలిపి 3.57 కోట్లు. దానికి 125 శాతం, పైన లక్ష వేస్తే 4.47 కోట్లకి పైనే. వెస్ట్‌బ్రూక్ జీతం 4.42. సరిగ్గా పట్టింది! హారెల్‌ని తీసేస్తే లెక్క కూలిపోతుంది. పైగా హారెల్ తన కాంట్రాక్టులో ఇంకో ఏడాది ఉండే ఆప్షన్‌ని ఎంచుకున్నాడు కాబట్టి కుదిరింది, లేకపోతే పంపడానికి అతనే ఉండేవాడు కాదు. ఈ ముగ్గురితో పాటు ఆ ఏడాది 22వ పిక్ కూడా ఇచ్చారు.

ఇప్పుడు దీన్ని తిరగేయండి. 4.71 కోట్ల మనిషిని పంపాలంటే అవతలి జట్టు కూడా దాదాపు అంత జీతాలున్న ఆటగాళ్ళని ఇవ్వాలి. అంత జీతం తీసుకునేవాడు పనికొచ్చేవాడైతే వాళ్ళెందుకిస్తారు? పనికిరానివాడైతే మనకెందుకు? అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అనేది సరిగ్గా ఈ స్థితికే.

పోనీ, జీతం ఇచ్చేసి ఇంటికి పంపించేయొచ్చు కదా?

పంపొచ్చు. కానీ ఇచ్చిన డబ్బు క్యాప్ లెక్కలో అలాగే కూర్చుంటుంది. 'స్ట్రెచ్' అని ఒక వెసులుబాటు ఉంది: మిగిలిన ఏళ్ళని రెండింతలు చేసి, ఒకటి కలిపి, అన్నేళ్ళ మీద జీతాన్ని పరచవచ్చు. 2022 వేసవిలో వెస్ట్‌బ్రూక్‌కి మిగిలింది ఒక్క ఏడాది, కాబట్టి 3 ఏళ్ళ మీద పరవాలి. ఏడాదికి 1.57 కోట్ల డాలర్లు, లేని ఆటగాడి పేరు మీద, 2025 దాకా. లేకర్స్ ఆ పని చేయలేదు, మంచిపనే.

ఇంకోటుంది. పంపించేస్తే కేవలం ఆటగాడు పోడు, ఆ 4.71 కోట్ల అంకె కూడా పోతుంది. ఈ అంకెని చాలామంది బరువుగానే చూస్తారు. నాకు అది పెద్ద నోటులా కనిపిస్తుంది. చిల్లర దొరకడమే కష్టం. దొరికితే మాత్రం ఒక్క నోటుకి ముగ్గురు ఆటగాళ్ళు వస్తారు. క్యాప్ దాటిన జట్టుకి అంత పెద్ద జీతాలున్న ఆటగాళ్ళని తెచ్చుకోవడానికి వేరే దారే లేదు. నోటు చింపేసుకుంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఆ చివరి ఏడాది వద్దని వెస్ట్‌బ్రూకే వెళ్ళిపోవచ్చుగా?

వెళ్ళొచ్చు, ఆప్షన్ అతని చేతిలోనే ఉంది. 2022 జూన్‌లో ఉంటాననే చెప్పాడు. 4.71 కోట్ల డాలర్లు! నేనైతే ఆ సంతకానికి రెండు పెన్నులు పట్టుకెళ్ళేవాడిని, ఒకటి రాయకపోతే ఇంకోటని.

ట్రేడ్ చేయాలంటే ఆటగాడి ఒప్పుకోలు అక్కర్లేదా?

ఎన్‌బీఏలో అక్కర్లేదు. పొద్దున లేచేసరికి ఊరు మారిపోయి ఉండొచ్చు. ఐపీఎల్ ట్రేడ్‌లకైతే ఆటగాడు ఒప్పుకోవాలి. ఎన్‌బీఏలో కూడా 'నో ట్రేడ్' నిబంధన రాయించుకోవచ్చు గానీ, లీగ్‌లో 8 ఏళ్ళు, అదే జట్టులో 4 ఏళ్ళు ఆడినవాళ్ళకే ఆ అర్హత. అర్హత ఉన్నా జట్లు అంత తేలిగ్గా ఇవ్వవు. వాషింగ్టన్ 2022లో బ్రాడ్లీ బీల్‌కి ఇచ్చింది. ఆ కథ కింద వస్తుంది.

డ్రాఫ్ట్ పిక్‌ల గొడవేంటి? ఎప్పుడో 2027 పిక్ గురించి 2022లో కొట్టుకోవడం దేనికి?

ఏటా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వరుసలో వచ్చే అవకాశమే పిక్. భవిష్యత్తులో ఏడు డ్రాఫ్ట్‌ల దాకా ముందే ఇచ్చేయొచ్చు. ఎవరికీ అక్కర్లేని కాంట్రాక్టుని ఎవరైనా తీసుకోవాలంటే పైన ఒక పిక్ పెట్టాలి. పెళ్ళిళ్ళలో కట్నం మీద లాంఛనాలు అడిగినట్టే.

వరసగా రెండేళ్ళ మొదటి రౌండ్ పిక్‌లు మాత్రం ఇచ్చేయకూడదు. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ పిక్‌లన్నీ పప్పుబెల్లాల్లా పంచేస్తుంటే పెట్టిన నియమం, అందుకే దానికి అతని పేరే నిలిచింది. లేకర్స్ 2019లో డేవిస్ కోసం న్యూ ఆర్లీన్స్‌కి చాలా పిక్‌లు ఇచ్చేసి ఉంది. 2022 వేసవిలో ఇక చేతిలో ఇవ్వదగ్గవి 2027వి, 2029వి, రెండే. ఆ రెండూ ఇస్తే ఇండియానా నుంచి మైల్స్ టర్నర్, బడ్డీ హీల్డ్ వస్తారని నెలల తరబడి వార్తలు నడిచాయి. జనరల్ మేనేజర్ రాబ్ పెలింకా గుప్పిట విప్పలేదు. అప్పట్లో నేనూ తిట్టుకున్నాను.

మరి చివరికి ఎలా పంపించారు?

ముందు బెంచ్ మీద కూర్చోబెట్టారు. కొత్త కోచ్ డార్విన్ హామ్ 2022 అక్టోబరు చివర్లో వెస్ట్‌బ్రూక్‌ని మొదటి అయిదుగురిలోంచి తీసేశాడు. జట్టు 2 గెలుపులు, 10 ఓటములతో మొదలైంది. లెబ్రాన్ విశ్రాంతి తీసుకునే నిమిషాల్లో బంతి వెస్ట్‌బ్రూక్ చేతికిస్తే అతను కాస్త మెరుగ్గానే కనిపించాడు. ఎంవీపీగా చేసినవాడు కిమ్మనకుండా రెండో వరసలోంచి వచ్చి ఆడటం తేలికేం కాదు.

2023 ఫిబ్రవరి 7 రాత్రి, మనకి 8వ తేదీ పొద్దున, లెబ్రాన్ కరీమ్ అబ్దుల్-జబ్బార్ 38,387 పాయింట్ల రికార్డు దాటిన మ్యాచ్ గుర్తుందా? ఆట ఆపి, కరీమ్ వచ్చి బంతి చేతికిచ్చి, కుటుంబమంతా కోర్టులోకి వచ్చిన రోజు. అదే లేకర్స్ జెర్సీలో వెస్ట్‌బ్రూక్ ఆఖరి మ్యాచ్. ఎదుటి జట్టు ఎవరో తెలుసా, ఓక్లహోమా సిటీ. లేకర్స్ 133-130తో ఓడింది. మర్నాడు మన దగ్గర తెల్లవారేసరికి వార్త వచ్చేసింది. ఆ సీజన్ ట్రేడ్‌ల గడువు ఇంకా ఉంది, మన లెక్కలో 10వ తేదీ రాత్రి ఒకటిన్నర.

మూడు జట్ల ట్రేడ్ అది. వెస్ట్‌బ్రూక్, హువాన్ టోస్కానో-ఆండర్సన్, డేమియన్ జోన్స్, 2027 మొదటి రౌండ్ పిక్ యూటా జాజ్‌కి. మైక్ కాన్లీ, నికీల్ అలెగ్జాండర్-వాకర్ యూటా నుంచి మిన్నెసోటాకి. మిన్నెసోటా నుంచి డి'ఆంజెలో రస్సెల్, యూటా నుంచి మాలిక్ బీస్లీ, జారెడ్ వాండర్‌బిల్ట్ లేకర్స్‌కి. వచ్చిన ముగ్గురి జీతాలు దాదాపు 3.14, 1.55, 0.44 కోట్లు. కలిపి దాదాపు 5.13 కోట్లు. పెద్ద నోటుకి చిల్లర దొరికిందన్నమాట. రెండు పిక్‌లు అవుతాయనుకున్నది ఒక్కదానితో అయింది, అది కూడా మొదటి నాలుగు స్థానాల్లో పడితే ఇవ్వక్కర్లేదన్న షరతుతో.

యూటా ఎందుకు ఒప్పుకుంది? వాళ్ళకి వెస్ట్‌బ్రూక్‌తో పనేంటి?

పనేం లేదు. వాళ్ళకి కావల్సింది పిక్. కాంట్రాక్టు ఎలాగూ నాలుగు నెలల్లో అయిపోతుంది. వెస్ట్‌బ్రూక్ యూటాకి ఒక్క నిమిషం కూడా ఆడలేదు. బయౌట్ చేసుకుని, అంటే ఎంతో కొంత వదులుకుని బయటపడి, ఆ నెలలోనే లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌లో చేరాడు. అప్పట్లో లేకర్స్, క్లిప్పర్స్ ఆడేది ఒకే స్టేడియంలో. వారాల తేడాలో మనిషి అదే భవనానికి తిరిగొచ్చాడు, అదే సున్నా నంబరు జెర్సీతో. మారింది డ్రెస్సింగ్ రూమ్ ఒక్కటే.

ఇంతకీ లాభపడింది ఎవరు?

ట్రేడ్ తర్వాత లేకర్స్ కోలుకుంది. 43-39తో ముగించి, ప్లేఆఫ్స్‌కి అర్హత తేల్చే ప్లే-ఇన్ గుండా ఏడో జట్టుగా లోపలికొచ్చి, మెంఫిస్‌ని, గోల్డెన్ స్టేట్‌ని ఓడించి పశ్చిమ విభాగం ఫైనల్‌కి వెళ్ళింది. అక్కడ డెన్వర్ చేతిలో 0-4. పంపిన రోజు లెక్క చూస్తే పెలింకా గెలిచినట్టే.

కానీ నేను చూసే లెక్క తెచ్చిన రోజుది. ఆ డెన్వర్ మొదటి అయిదుగురిలో ఒకడు కాల్డ్‌వెల్-పోప్. అవును, వెస్ట్‌బ్రూక్ కోసం లేకర్స్ వాషింగ్టన్‌కి పంపించేసిన కాల్డ్‌వెల్-పోపే. 2020లో లేకర్స్‌తో కప్పు గెలిచాడు, 2023లో లేకర్స్‌ని ఇంటికి పంపి డెన్వర్‌తో ఇంకోటి గెలిచాడు. బయటి నుంచి షాట్ వేస్తాడు, డిఫెన్స్ ఆడతాడు, బంతి తన చేతికే కావాలని అడగడు. లెబ్రాన్ పక్కన కావల్సింది అచ్చం అలాంటివాడే.

మన సన్‌రైజర్స్ వార్నర్‌ని చేసిందీ ఇదేనా?

బాధ ఒకటే, దారి వేరు. 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్‌ని 2021 మధ్యలో తప్పించి, తర్వాత జట్టులోంచే తీసేసినప్పుడు హైదరాబాద్‌లో ఎంతమంది ఉసూరుమన్నారో చెప్పక్కర్లేదు. తెలుగు పాటలకి స్టెప్పులేసినవాడు మరి! కానీ ఐపీఎల్‌లో పెద్ద వేలం రాగానే వదిలేస్తే ఆ జీతం మొత్తం పర్సులోకి తిరిగొస్తుంది. దాదాపు 12 కోట్ల రూపాయల వార్నర్‌ని వదిలేశారు, ఢిల్లీ 2022 వేలంలో 6.25 కోట్లకి కొనుక్కుంది. ఎన్‌బీఏ మేనేజర్లకి ఇలాంటి వెసులుబాటు ఇస్తే ఎగిరి గంతేస్తారు.

ఇప్పుడు ఇలాంటి ట్రేడ్ చేయొచ్చా?

ఇంకా కష్టం. లీగ్‌కి, ఆటగాళ్ళ సంఘానికి మధ్య జరిగిన 2023 ఒప్పందంలో 'సెకండ్ ఏప్రన్' అని కొత్త గీత గీశారు. ఖర్చు ఆ గీత దాటితే ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద జీతగాడిని తెచ్చుకోలేరు, పంపినదాని కంటే ఒక్క డాలరు ఎక్కువ కూడా లోపలికి రాకూడదు.

బీల్ కథ ఇక్కడ. అతన్ని 2023లో వాషింగ్టన్ నుంచి ఫీనిక్స్ తెచ్చుకుంది. కెవిన్ డ్యురాంట్, డెవిన్ బుకర్ పక్కన మూడో స్టార్. కుదరలేదు. పంపుదామంటే నో ట్రేడ్ నిబంధన ఒకపక్క, ఏప్రన్ ఇంకోపక్క. కక్కలేక మింగలేక, 2025 జులైలో బయౌట్ చేసి, మిగిలిన జీతాన్ని 5 ఏళ్ళ మీద పరిచారు. ఏడాదికి దాదాపు 1.94 కోట్ల డాలర్లు, 2030 దాకా, ఫీనిక్స్‌కి ఆడని మనిషి పేరు మీద. లేకర్స్ నోటు మార్చుకుంది, ఫీనిక్స్ చింపేసుకోవాల్సి వచ్చింది.

వెస్ట్‌బ్రూక్ తర్వాత ఏమయ్యాడు?

క్లిప్పర్స్‌తో 2023లో పాత జీతంలో పదో వంతుకి కూడా రాని ఏడాది జీతానికి మళ్ళీ సంతకం పెట్టాడు. 2024 జులైలో క్లిప్పర్స్ క్రిస్ డన్ కోసం అతన్ని ట్రేడ్ చేసింది. ఏ జట్టుకో ఊహించండి. యూటాకే! ఈసారి కూడా ఆడకుండానే విడుదల. అక్కడి నుంచి డెన్వర్, 2025 అక్టోబరులో శాక్రమెంటో. డెన్వర్‌లో ఉండగా 2024 నవంబరులో 200వ ట్రిపుల్ డబుల్ చేశాడు, లీగ్ చరిత్రలో ఆ అంకె అందుకున్న మొదటివాడు. చవగ్గా దొరికేసరికి అందరికీ కుదిరిపోతున్నాడు.